సాలూరు అంతరిక్ష నౌక

సాలూరు షెడ్లలో ముప్పయ్యేళ్లుగా లారీలకు రంగులేస్తున్న అప్పలసూరికి చెవి మీద బ్రష్షు లేకపోతే ఒంటి మీద బట్టల్లేనట్టే ఉంటుంది. గీత గీసేటప్పుడు ఎడమకన్ను మూసి ఊపిరి బిగబడతాడు. చేతులు లుంగీకే తుడుస్తాడు. దాని అసలు రంగేదో ఉతికే భార్య సుభద్రమ్మకీ గుర్తులేదు. టీవీ సీరియల్ వాళ్లు గ్రహాంతరవాసుల ఎపిసోడ్ కోసం రేకు నౌక తెచ్చి వెండిరంగు వెయ్యమంటే శ్రద్ధగా వేశాడు. తీరా షూటింగు వేళకి చూస్తే, నౌక వెనక ఎర్రగా ‘హారన్ కొట్టండి’ అని ఉంది.

“ఆకాశంలో హారనేంటయ్యా? చెరిపెయ్,” అన్నాడు డైరెక్టర్.

“అది రాయకుండా నా సేతుల్లోంచి ఒక్క బండీ కదల్లేదు బాబూ. ఎనకాల శత్రువులు తరుముకొస్తారని మీరే సెప్పినారు. ఆళ్లు గుద్దీస్తే ఏటి సేస్తారు?”

డైరెక్టర్ కెమెరాని ముందువైపుకి మార్పించాడు. అక్కడ నిమ్మకాయా, ఏడు పచ్చిమిరపకాయలూ వేలాడుతున్నాయి.