ఆవకాయ లెక్కలోకి రాదు

మా నాన్న రైలు నడిపేవారని చెబితే అందరూ పెద్ద ఎక్స్‌ప్రెస్సు బండి ఊహించుకుంటారు. అంత లేదు. రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్ మీదుగా ధమ్‌తరీ వెళ్లే చిన్న లైను బండి ఆయనది. దాని వేగం గురించి మాట్లాడకపోవడమే మర్యాద. పక్కన సైకిలు మీద వెళ్లేవాళ్లు నాన్నతో కబుర్లు చెబుతూ కొంత దూరం వచ్చేవారు. అయినా నాన్నకి ఆ ఇంజిన్ ఎక్కితే వేరే లోకం అక్కర్లేదు.

రాయ్‌పూర్‌లోనే తెలీబంధాలో మా అద్దె ఇంటి పెరటి గోడ వెనకే ఆ లైను. సాయంత్రం బండి తిరిగొచ్చేటప్పుడు నాన్న గోడ దగ్గర పొడుగ్గా ఒక హారన్ కొట్టేవారు. అది విని అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆయన బండి అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది.

ఇంజిన్ ఎక్కేవాళ్లకి ఎప్పటికప్పుడు వైద్య పరీక్షలుంటాయి. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, ఒక వానాకాలం పరీక్షలో నాన్నకి బీపీ బయటపడింది. డాక్టరు మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమని, బీపీ దిగేదాకా ఇంజిన్ ఎక్కడానికి వీల్లేదని చెప్పాడు. నాన్నకి షెడ్డు ఆఫీసులో ఒక కుర్చీ వేశారు.

దుఃఖం వస్తే హాస్యమాడే మనిషి ఆయన. మొదటిరోజు ఇంటికొచ్చి, "కుర్చీ బానే ఉందే. హారనే లేదు," అన్నారు. ఆ సాయంత్రం బండి మామూలుగానే వెళ్లింది. ఎవరో కొట్టిన హారన్‌కి అమ్మ అలవాటుగా గిన్నె అందుకుని, మళ్లీ కింద పెట్టేసింది. ఆయన్ని మళ్లీ ఇంజిన్ ఎక్కించాలి, అంతే. మా ఇంట్లో ఇంక వేరే మాట లేదు.

అమ్మ బీపీ మీద యుద్ధం ప్రకటించింది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడని అమ్మ దీదీ అనేది. ఆవిడ గోడ మీదుగా మునగాకు కట్ట అందించి, "ముంగా భాజీ ఖవా బహినీ, సబ్ ఠీక్ హో జాహీ," అంది. తినిపించు చెల్లీ, అంతా సర్దుకుంటుందని. శ్రీకాకుళం నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి పరగడుపున వెల్లుల్లి, నానబెట్టిన మెంతులు అంది. మోవా సంతలో ఎవరో అడవి నుంచి తెచ్చిన తెల్లమద్ది బెరడు అమ్ముతుంటే, కషాయం కాయడానికి అమ్మ ఒక మూట కొనేసింది. నాన్న తెలివైనవారు, ముందు డాక్టర్ని అడిగారు. ఆకుకూరలు ఎన్నైనా తినండి, నాకు చెప్పకుండా కషాయాలు మాత్రం తాగకండి, మాత్ర ఒక్క పూటా మానకండి అన్నాడాయన. పారెయ్యడానికి మనసొప్పక అమ్మ ఆ మూటని దేవుడి గూట్లో పెట్టింది. బీపీ తగ్గకపోయినా పుణ్యం వస్తుందని కాబోలు.

ఇక ఉప్పు. అమ్మ ఏ పనీ సగం చేయదు. తగ్గించమంటే పూర్తిగా మానేసింది, నాన్నకే కాదు, ఇంటిల్లిపాదికీ. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అందట ఉప్పు. ఆ సామెత ఎవరన్నారో గానీ మా ఇంట్లో భోంచేసే అని ఉంటారు. చప్పిడి పప్పు, చప్పిడి వంకాయ, చప్పిడి చారు. అంత ఘోరం గొంతు దిగాలంటే దారి ఒక్కటే. ముద్దముద్దకీ ఆవకాయ.

అందులో తప్పేముందని అమ్మ వాదన. "వెల్లుల్లి మంచిదన్నారా? ఆవకాయలో ఉంది. మెంతులు మంచివన్నారా? ఉన్నాయి. ఆవపిండి, నువ్వుల నూని, అన్నీ ఉన్నాయి. ఇందులో మందు కానిది ఏటో సెప్పండి." మేమేం చెబుతాం? నోట్లో ఆవకాయ ఉంది. మా ఇళ్లలో ఆవకాయ కూరా కాదు, ఉప్పూ కాదు, నీళ్లూ గాలీ లాగా ఉంటుందంతే. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

రెండోసారి పరీక్షకి వెళితే బీపీ దిగకపోగా ఇంకాస్త ఎక్కి కూర్చుంది. "నమక్ బంద్ కియా?" అని డాక్టరు ఉప్పు సంగతి అడిగితే, నాన్న గుండె మీద చెయ్యేసుకుని, "బిల్కుల్ బంద్, సాబ్," అన్నారు. ఆయన అబద్ధమాడలేదు పాపం. ఇంకొక్కసారి చూస్తాను, అప్పటికీ తగ్గకపోతే ఇక ఇంజిన్ సంగతి మరిచిపోవాలని డాక్టరు తేల్చేశాడు. నాన్న ఆ రోజు హాస్యమాడలేదు. నాకు భయం వేసింది. అమ్మ కళ్లు తుడుచుకుని, ఎవరి దిష్టో తగిలిందంటూ గుప్పెడు కళ్లుప్పు ఆయన చుట్టూ తిప్పి నిప్పుల్లో పోసింది. కూరలో పడని ఉప్పు అలా చిటపటలాడింది.

దీపావళి వెళ్లాక దీదీ ఇంటికి అల్లుడొచ్చాడు. కాస్త మీ ఆచార్ పెట్టమని ఆవిడ గిన్నె తెచ్చింది. అమ్మ జాడీ ముందుకి లాగి గరిటె దించితే అడుగుకి తగిలి టంగుమంది. మళ్లీ మామిడికాయలొచ్చే దాకా రావాల్సిన జాడీ అది. ఏ ఏడూ సంక్రాంతికి కూడా సగం దాటేది కాదు. అమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయి నన్ను పిలిచింది.

"ఇందులో ఉప్పు ఎవులు పోసారే? నేనే కదా, నా సేత్తోనే దంచి పోసాను," అంది. గరిటె పక్కన పెట్టి, "ఉప్పు మానీసాం అనుకున్నాం. జాడీడు ఉప్పు తినీసాం," అంది.

దీదీకి వచ్చీరాని హిందీలో సంగతి చెబితే ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. అమ్మా నవ్వింది, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగానే. సాయంత్రం నాన్నకి చెబితే ఆయన జాడీలోకి తొంగిచూసి, "అయితే ఆవకాయ కూడా ఉప్పేనేటి?" అన్నారు మెల్లగా. తనవాడనుకున్న వాడు మోసం చేశాడని తెలిసినప్పుడు మనిషి గొంతు అలాగే ఉంటుంది.

జాడీ, అడుగున మిగిలిన దానితో సహా, దీదీ ఇంటికి వెళ్లిపోయింది. దానికి బదులు కూరల్లోకి చిటికెడు ఉప్పు తిరిగొచ్చింది. నిమ్మరసం, వేయించిన జీలకర్ర, చింతపండు, కొత్తిమీర ముందుకొచ్చాయి. పెసరపప్పు వేసి వండిన మునగాకు ఎంత రుచో మాకు అప్పుడే తెలిసింది. పొద్దున్నే నాన్న తెలీబంధా చెరువు చుట్టూ నడిచేవారు, మాత్ర మానకుండా వేసుకునేవారు. తర్వాత బీపీ దిగింది. దేనివల్ల అంటే డాక్టరు మాత్రలంటాడు, దీదీ ముంగా భాజీ అంటుంది, పెద్దమ్మ వెల్లుల్లి అంటుంది. నేను జాడీ అంటాను.

ఆఖరి పరీక్షకి అమ్మ, నేను కూడా వెళ్లాం. నాన్న పాసయ్యారు. కాగితం పట్టుకుని బయటికొచ్చిన ఆయన మొహం చూస్తే నాకు అక్కడే ఎగరాలనిపించింది. అక్కడ బీపీ చూసే సిస్టర్ గారు గోదావరి వైపు మనిషి. నాన్న ఆవిడకి జాడీ కథంతా అభినయంతో సహా చెప్పారు. ఆవిడ నవ్వి నవ్వి, అమ్మ వైపు తిరిగి, "మరి ఆ ఆవకాయ మీరూ తిన్నారు కదండీ. ఇలా కూర్చోండి," అంది.

అమ్మ బీపీ అంతవరకూ ఎవరూ చూడలేదు. నాన్నకి ఎప్పుడూ లేనంత ఉంది. సిస్టర్ గారు ఇంకోసారి చూశారు. అంతే ఉంది.

"నాకేటవుద్ది? నేనేమైనా బండి నడుపుతానేటి?" అంది అమ్మ, లేవబోతూ.

నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇన్నాళ్లూ నడిపింది ఎవులే మరి?" అని, అమ్మ భుజం పట్టుకుని కూర్చోబెట్టి, డాక్టరు గది ముందు తనే వరసలో నిలబడ్డారు.

మర్నాటి సాయంత్రం గోడ వెనక నాన్న హారన్ మోగింది. మేమిద్దరం పెరట్లోకి పరిగెత్తాం. ఇంజిన్ కిటికీలోంచి ఆయన చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని మాత్ర మింగుతున్నట్టు సైగ చేశారు. ఆ రోజు నుంచి హారన్‌కి అర్థం మారిపోయింది. ఎసరు కాదు, మాత్ర. "మీ బండిని నమ్ముకుంటే నా మాత్ర రేపటికే," అని అమ్మ ముందే వేసేసుకుని, హారన్ వినగానే గోడ వైపు తిరిగి, "వేసుకున్నానులెండి," అనేది. ఇంజిన్ రొదలో ఆయనకేం వినబడుతుంది? అయినా రోజూ అనేది.

ఇప్పుడు ఆ పట్టాలు లేవు, వాటి మీద రోడ్డు వచ్చింది. నాన్న రిటైరయ్యారు. వేళ అవగానే పెరటి గుమ్మంలో నిలబడి, చేతులు బాకాలా పెట్టుకుని నోటితో పొడుగ్గా హారన్ కొడతారు. వంటింట్లోంచి అమ్మ, "వేసుకున్నానులెండి," అంటుంది. ఇప్పుడు ఆయనకి వినబడుతుంది.