నివ్వరి ముడులు

మా డిపార్టుమెంటు గోడ మీద ప్రపంచమంతా చచ్చిపోతూ ఉండేది. ఏలూరులో నేను బాటనీ చెప్పే డిగ్రీ కాలేజీకి రెండు వేల మూడులో ఇన్‌స్పెక్షన్ టీమ్ వస్తుందన్నారు. గోడలు బోసిగా కనపడకూడదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. నేను ఫైనలియర్ పిల్లల్ని కూర్చోబెట్టి, వివిధ దేశాల్లో అంతరించిపోతున్న మొక్కల మీద చార్టులు వేయించాను. సెయింట్ హెలీనా దీవిలో ఆఖరి ఊపిరి మీదున్న ఆలివ్. దక్షిణాఫ్రికాలో మగ మొక్క ఒక్కటే దొరికి, దానికి జోడీ ఇప్పటికీ దొరకని, సైకస్ లాంటి చెట్టు. అందరూ పోయిందనుకున్న తరవాత రోడ్రిగ్స్ దీవిలో ఒకే ఒక్కటి కనిపించిన అడవి కాఫీ మొక్క. రంగులు బాగా కుదిరాయి. టీమ్ వాళ్లు వాటి ముందు నిలబడి టీ తాగి, బాగుందని తలూపి వెళ్లిపోయారు.

ఆ రోడ్రిగ్స్ కథ నేను క్లాసులో ప్రత్యేకంగా చెప్పాను. అక్కడ ఒక టీచరు మొక్కల గురించి పాఠం చెప్తే, బడిపిల్లల్లో ఒకరు ఆ కొమ్మ తెచ్చి చూపించారు. సంగతి ఊరంతా పాకింది. మందుకు పనికొస్తుందని జనం ఎగబడి కొమ్మలు విరిచేశారు. చివరికి ఆ ఒక్క మొక్క చుట్టూ కంచె మీద కంచె కట్టాల్సి వచ్చింది. మా పిల్లలంతా "అయ్యో" అన్నారు. ఆ "అయ్యో" విని పాఠం బాగా ఎక్కిందని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే అప్పటికి రెండు వారాల ముందే మా కొల్లేటి అంచున అలాంటి మొక్కే ఒకటి నా కంటపడింది. దాన్ని నాకు చూపించింది మా అత్తగారికి ఏటా నివ్వరి బియ్యం తెచ్చి ఇచ్చే ఒక ముసలావిడ.

నివ్వరి అంటే ఎవరూ చల్లకుండా, దున్నకుండా నీటి పల్లాల్లో తనంత తాను మొలిచే అడవి వరి. మా ఇంట్లో ఋషి పంచమి నాడు అత్తగారు నాగలి తగిలిన నేలలో పండింది ఏదీ నోట పెట్టరు. ఆ పూటకి నివ్వరి అన్నమే ఉండాలి. ఒకప్పుడు కొల్లేటి అంచు నిండా అదే ఉండేదట. చేపల చెరువులు వచ్చాక ఒక్కో పల్లమే గట్ల కిందికి పోయింది. ఆ ముసలావిడ ఊరు మండవల్లి అవతల. కైకలూరు వచ్చి, ఏలూరు బస్సెక్కి, మా పక్క గుమ్మం దగ్గరికి చిన్న గుడ్డ మూటతో వచ్చేది. అత్తగారు ఒక చీర, తాంబూలం ఇచ్చి పంపేవారు. నేను ఆవిడని "మామ్మగారూ" అనేదాన్ని. అత్తగారికి ఆ "గారు" నచ్చేది కాదు. నచ్చకపోతే పోనీ, ఆవిడ తెచ్చిన బియ్యం మాత్రం నచ్చేది కదా అని నాలో నేను రుసరుసలాడేదాన్ని.

ఆ ఏడు మూట మరీ చిన్నదైపోయింది. దోసెడుకి మించి లేదు. "ఇంతేనా?" అన్నారు అత్తగారు.

"ఒక్క పల్లమే మిగిలిందండీ, అమ్మగారూ. అన్నీ చెరువులైపోయాయి," అంది మామ్మ.

నాకు ప్రాణం లేచొచ్చింది. మీతో వస్తాను, చూపిస్తారా అని అడిగాను. ఆవిడ మొహమాటపడింది. "బురదండీ. మీరేం నడుస్తారు?" అని, చివరికి గింజ పాలు పోసుకునే వేళకి రమ్మంది.

దసరా వెళ్లిన తరవాత వెళ్లాను. మురుగు కాలవ గట్టు వెంట అరగంట నడిచాం. రెండు చేపల చెరువుల మధ్య, ఎవరికీ అక్కర్లేనట్టు, మోకాలి లోతు నీళ్లతో ఒక పల్లం. అందులో నివ్వరి. గింజ చివర పొడవాటి ఎర్రటి మీసాలు. నేను పుస్తకంలో చూడడమే కానీ, కళ్లారా చూడడం అదే మొదలు.

మామ్మ చీర ఎగదోపుకుని నీళ్లలో దిగింది. ఎనిమిదో పదో కంకుల్ని ఒక్క దగ్గరికి చేర్చి, మెలిపెట్టి, తాటాకు పీలికతో ముడి వేసింది. ఇంకో గుప్పెడు, ఇంకో ముడి. నివ్వరి గింజ పండిందంటే చాలు, నీళ్లలోకి రాలిపోతుంది. అందుకని పచ్చిగా ఉండగానే ముడేస్తారు. పండాక బుట్ట కింద పెట్టి ముడి విప్పి దులుపుతారు. మూడు కంకులకి ఒకటి ముడెయ్యకుండా వదిలేస్తూ పోయింది. అదెందుకని అడిగితే, "అవి నీళ్లకండీ. వచ్చే ఏటికి మొలవాలి కదా," అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. ముడి ఉన్న కంకి జోలికి ఎవరూ రారట. గేదెల్ని తోలుకొచ్చేవాళ్లు పక్క నుంచి తోలుకుపోతారట. రెండు వైపులా చెరువులున్న ఆసామి కూడా, "మామ్మ ముడులు కనపడినంత కాలం ఆ పల్లం ముట్టుకోను," అన్నాడట. కాగితం లేదు, కంచె లేదు. తాటాకు పీలికే కంచె.

"మా అత్తగారికి ఇవ్వగా మిగిలింది ఏం చేస్తారు?" అని అడిగాను.

ఆవిడ కాస్త సిగ్గుపడింది. "చర్చిలో కోతల పండగ ఉంటుంది కదండీ. అందరూ వాళ్ల పొలంలో పండింది తెచ్చి దేవుడి ముందు పెడతారు. నాకు సెంటు భూమి లేదండీ. ఇదే నా పంట. చిన్న గిన్నెడు పట్టుకెళ్తాను. పాస్టరు అయ్యగారు అందరి బస్తాలతో పాటు నా గిన్నె మీద కూడా చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారండీ."

ఇవన్నీ విన్నాను. ఒక్క ముక్క మర్చిపోలేదు. అదే నా కోపం. తెలియక చేస్తే ఏదో సర్దిచెప్పుకోవచ్చు.

బాటనీ చదివినవాళ్లకి హెర్బేరియం సంగతి తెలుసు. ఫైనలియర్ పిల్లలు ఒక్కొక్కరూ మొక్కల్ని వేరుతో సహా పీకి, న్యూస్‌పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, పురుగు పట్టకుండా పాదరసం మందులో ముంచి, దళసరి కాగితానికి దారంతో కుట్టి, కింద లేబుల్ అంటించి ఇవ్వాలి. వేరు లేకపోతే మార్కులు కట్. పువ్వో గింజో లేకపోతే మార్కులు కట్. ఏటేటా అవే తెచ్చేవాళ్లు: తుమ్మి, ఉత్తరేణి, వయ్యారిభామ. చూసి చూసి నాకు విసుగెత్తింది. ఆ ఏడు నోరు ఊరుకోలేదు. "ఎవరైనా అరుదైన మొక్క తెస్తే రికార్డుకి పదికి పది," అనేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. లేబుల్ మీద మొక్క దొరికిన చోటు ఎంత కచ్చితంగా రాయాలో నేర్పాలి కదా! కొత్తగా చూసొచ్చిన గర్వం ఒకటి నెత్తికెక్కి ఉంది. బోర్డు మీద నివ్వరి పేరు రాశాను. దాని కింద, మండవల్లి దాటాక ఫలానా మురుగు కాలవ, కుడి గట్టు, రెండు చేపల చెరువుల మధ్య పల్లం అని రాశాను. రాసి, "చూశారా, ఇలా రాస్తే కొత్తవాళ్లు కూడా నేరుగా వెళ్లి పట్టుకోగలరు," అన్నాను. ముడుల సంగతి చెప్పలేదు. సిలబస్‌లో లేదు మరి.

ఫిబ్రవరిలో షీట్ల కట్టలు నా బల్ల మీదికి వచ్చాయి. మొదటిది తీశాను, నివ్వరి. రెండోది నివ్వరి. కింది నుంచి ఒకటి లాగాను, అదీ నివ్వరే. నలభై ఇద్దరు పిల్లల్లో ముప్పై ఎనిమిది మంది అదే తెచ్చారు. కొందరు ఒక షీటుకి చాలదన్నట్టు మూడేసి దుబ్బులు కుట్టారు. వేళ్లు శుభ్రంగా కడిగారు, ఒక్క పీచు తెగలేదు. నేను నేర్పినట్టే చేశారు, వాళ్లని ఏమనను? ఒక షీటులో కంకులు విడివిడిగా లేవు. దగ్గరికి మెలిపెట్టి ఉన్నాయి. వాటి మీద తాటాకు పీలిక ముడి అలాగే ఉంది. ఆ పిల్ల దాన్ని విప్పాలో వద్దో తెలియక, దాని మీదుగానే నీటుగా దారం కుట్టేసింది. వెతికితే అలాంటివి ఇంకా ఐదు కనపడ్డాయి.

పిల్లల మీద అరుద్దామనుకున్నాను. అరవడానికి నోరేదీ? బోర్డు మీద దారి గీసింది నేను. పదికి పది ఆశ చూపింది నేను. ఎదురుగా గోడ మీద రోడ్రిగ్స్ దీవి, కంచె బొమ్మతో సహా.

అప్పుడైనా మర్నాడే మండవల్లి బస్సెక్కాలి. ఎక్కలేదు. ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయని, ఎగ్జామినరు వస్తున్నాడని, ల్యాబ్ సర్దాలని నాకు నేనే వంకలు చెప్పుకున్నాను. సిగ్గు అంటే మర్యాదగా ఉంటుంది గానీ, అది ఉత్త పిరికితనం. మామ్మ మొహం చూడడానికి భయం వేసింది.

మార్చిలో తాడేపల్లిగూడెం నుంచి ఎగ్జామినరు వచ్చాడు. షీట్లు తిప్పి తిప్పి చూశాడు. "ఇలాంటి స్పెసిమెన్లు నేను ఈ మధ్య చూడలేదండీ, మేడమ్. ఏ కాలేజీలో చూసినా అవే కలుపు మొక్కలు. మీరు పిల్లల చేత బాగా కృషి చేయించారు," అన్నాడు. ఆయన్ని కొట్టాలనిపించింది. మంచాయన, పాపం, మెచ్చుకుంటున్నాడు. నేను థాంక్సండీ అన్నాను. ఇద్దరం కలిసి మార్కులు వేసి సంతకాలు పెట్టాం. షీట్ల కట్టలు స్టోర్ రూంకి పోయాయి. మా స్టోర్ రూంలోకి వెళ్లిన రికార్డుని మళ్లీ తీసి చూసినవాళ్లు నా సర్వీసులో లేరు.

పరీక్షలు అయ్యాక ఒక పొద్దున్న బయల్దేరాను. గట్టు వెంట నడుస్తుంటే దూరం నుంచే పొక్లెయిన్ చప్పుడు. పల్లం లేదు. దాని మట్టి రెండు వైపులా కొత్త గట్టై కూర్చుంది. నేలలో పాత గింజలు కొన్నైనా ఉంటాయి, వానలకి లేస్తాయని దారి పొడుగునా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆ నేలే నిలువు లోతు పోయింది.

ఆసామి గొడుగేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎందుకు తవ్వించారని గట్టిగానే అడిగాను. ఆయన కంగారుపడ్డాడు. "మామ్మ మానేసిందనుకున్నానండీ. కోత వేళకి చూస్తే ఒక్క ముడీ కనపడలేదు. ఉంటే నేనెందుకు ముట్టుకుంటానండీ?" అన్నాడు. ముడులు ఎక్కడున్నాయో నాకు తెలుసు. నంబర్లు వేసి, స్టాంపు కొట్టి ఉన్నాయి.

మామ్మ ఇంటి ముందు కూర్చుని చేపలు కడుగుతోంది. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, పీట వేసింది. నేను కూర్చోలేదు. పిల్లలు వచ్చినప్పుడు ఎందుకు ఆపలేదని అడిగాను, తప్పంతా ఆవిడదే అన్నట్టు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియని మనిషి అలాగే అడుగుతుంది.

"మొదటి ఆదివారం నేను చర్చిలో ఉన్నానండీ. వచ్చి చూస్తే సగం లేదు. రెండో ఆదివారం మళ్లీ వచ్చారు. ఎవరయ్యా అంటే మేడమ్ గారు పంపించారన్నారు. మీరు పంపించారంటే ఏదో పెద్ద అవసరమే పడి ఉంటుందనుకున్నాను. ఆడపిల్లలు జలగలకి భయపడి దిగలేకపోతుంటే, నేనే దిగి పీకి ఇచ్చానండీ."

ఆవిడే మళ్లీ అంది: "కోతల పండక్కి ఉత్త చేతులతో ఎలా వెళ్తాను? ఆ వారం ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాను. పోనీలెండి. ఆ కాగితాల మీద గింజలున్నాయి కదండీ? మీ పనైపోతే ఓ గుప్పెడు ఇప్పించండి. ఎక్కడైనా నీళ్ల పక్కన చల్లుకుంటాను."

చెప్పాల్సి వచ్చింది. అవి పాలు ఆరని పచ్చి గింజలని, మొలవవని, వాటిని విషంలో ముంచామని, చేత్తో ముట్టుకున్నా కడుక్కోవాలని చెప్పాను.

"విషమా?" అంది. నా మొహంలోకి చూసింది. "దేనికండీ?"

"పాడవకుండా ఉండడానికి."

ఆవిడ తల పంకించింది. మళ్లీ కూర్చుని కత్తిపీట దగ్గరికి లాక్కుంది. చేప పొట్ట కోస్తూ, తల ఎత్తకుండా, ఎంతో మర్యాదగా అడిగింది.

"మరి పిల్లలు పాసయ్యారా అండీ?"

"అయ్యారు," అన్నాను. "అందరూ పాసయ్యారు."