చెవి మాస్టారూ, తెగిన రింగూ

మా మరిదికి తన చెవంటే మహా బడాయి. చేతిలో రిమోట్ పట్టుకుని పరిగెత్తించే బుల్లి కార్లుంటాయి చూశారూ, బ్యాటరీవి కాదు, నైట్రో అనే ఇంధనం పోస్తే నడిచేవి, వాటి ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంజను నిమ్మకాయంత, గోల మాత్రం ఊరంత. లేత్ మిషను పని పోయాక మా వెనక వరండాలో బల్ల వేసుకున్నాడు. వరండా నాది, నూనె మరకలు వాడివి. దూరంగా నిలబడి ఇంజను చప్పుడు వింటాడు. "దీనికి ఇంధనం చాలట్లేదు, స్క్రూ కాస్త వదులు చెయ్యండి" అంటాడు. చాలాసార్లు నిజమే అవుతుంది. అందుకే ఆ కార్ల పందేలు జరిగే మైదానంలో అందరికీ వాడు చెవి మాస్టారు.

వాడికున్న ఒకే ఒక్క స్నేహితుడు మా సందు చివరి టైలరు. ఆదివారాలు టైలరు తన బుల్లి కారు తోలేవాడు, మావాడు ఇంజను చూసేవాడు. ఒకసారి పందెం మధ్యలో కారు కీచుమని ఆగిపోయింది. వేడెక్కి పిస్టన్ పట్టేసింది. నేనూ అక్కడే ఉన్నాను.

"స్క్రూ ముట్టుకోవద్దన్నానా? వేగం కోసం బిగించి ఇంజన్ని చంపావు! గుడ్డలు కుట్టుకునేవాడికి యంత్రాలెందుకు?" అన్నాడు మావాడు, మైదానమంతా వినబడేలా.

"నేను ముట్టుకోలేదు గురువా."

"నా చెవి అబద్ధం చెప్పదు."

అందరూ పగలబడి నవ్వారు. టైలరు కారు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు, మావాడే దాన్ని ఇంటికి తెచ్చాడు. ఆ తర్వాత రోజూ మా గేటు ముందు నుంచే షాపుకి పోయేవాడు కానీ తల తిప్పేవాడు కాదు.

కొన్నాళ్ళకి మావాడి మనసు మెత్తబడింది. కొత్త పిస్టన్ వేసి కారు ఇచ్చేసి, పోనీలే అని క్షమించేద్దామనుకున్నాడు. క్షమించేది తనేనట! తీరా స్టార్ట్ చేస్తే అదే రోగం. వేగం తగ్గించినా హోరు తగ్గదు. స్క్రూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కాసేపు బాగుంటుంది, వేడెక్కగానే మళ్ళీ మొదటికే.

"వదినా, ఆ పెద్ద గిన్నె ఓసారి ఇస్తావా?"

"నూనె కంపు కొట్టిందంటే అందులో నిన్నే నానబెడతాను."

ఇంజను కన్నాలన్నీ రబ్బరు బిరడాలతో మూసి, ఒకదానికి సన్నగొట్టం తగిలించి, నీళ్ళలో ముంచాడు. చేతులు ఖాళీ లేవని నన్ను ఊదమన్నాడు. ఈ వయసులో నాకు ఈ సన్నాయి ఒక్కటే తక్కువ! ఊదాను. ఇంజను వెనక మూత అంచునుంచి బుడగలు బుడబుడా వచ్చాయి.

మూత విప్పాడు. లోపలి రబ్బరు రింగు ఒకచోట నలిగి తెగిపోయి ఉంది. పందేనికి ముందు ఆ మూత విప్పి శుభ్రం చేసి బిగించింది ఎవరో నేనడగక్కర్లేకపోయింది, వాడి మొహమే చెప్పింది. ఆ సందులోంచి గాలి దూరి, దానికి సరిపడా ఇంధనం అందక ఇంజను మాడిందన్నమాట. టైలరు స్క్రూ జోలికే పోలేదు.

"ఆ రోజే ఇలా ముంచి చూడాల్సింది కదరా?"

"ఎవరిదైనా ముంచే చూస్తాను వదినా. ఆ రోజు తొందరలో చెవితో విని సరిపెట్టేశాను."

అప్పట్నుంచీ కంచం ముందు కూర్చుంటాడు, కెలుకుతాడు, లేస్తాడు. టైలరు గేటు దాటే వేళకి లోపలి గదిలో దూరతాడు.

"రింగు మార్చి కారు ఇచ్చేస్తాను వదినా. చెప్పడం కూడా అవసరమంటావా?"

"అన్నప్పుడు మైదానంలో అరిచావు. ఇప్పుడు నా వంటింట్లో గొణుగుతావేం?"

మర్నాడు వాడి వెంట నేనూ బయల్దేరాను, లేకపోతే సందు సగం నుంచే తిరిగొస్తాడు. షాపులో కత్తిరింపు బల్ల మీద కారు పెట్టి, పక్కన తెగిన రింగు పెట్టాడు. "తప్పు నాదేరా. మూత నేనే సరిగ్గా వెయ్యలేదు. నువ్వు స్క్రూ ముట్టలేదు."

టైలరు మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా పోయి, దారం తెంపి, రింగుని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ముట్టలేదని నాకు ఆ రోజే తెలుసు మాస్టారూ. తెలియనిది ఆ నవ్వినవాళ్ళకి."

"కారు..."

"అదీ, ఈ రింగూ మీ దగ్గరే ఉంచండి."

ఆదివారం మావాడు నా గిన్నె పట్టుకుని మైదానానికి పోయాడు. ఆ తెగిన రింగునే మళ్ళీ ఇంజనుకి వేసి, అందరి ముందూ ముంచి, తనే ఊది, ఈ పని చేసింది నేనే అని చెప్పాడట. ఆ రోజు నవ్వినవాళ్ళలో సగం మందే వచ్చారట. మిగతావాళ్ళ కోసం పై వారం కూడా పోయాడు. గిన్నె ఇంకా నాకు తిరిగి రాలేదు. నేనూ అడగలేదు.

నిన్న టైలరు గేటు దాటుతూ వరండా వైపు ఒక్క చూపు చూశాడు. మావాడు లోపలికి పోకుండా బల్ల దగ్గరే తలొంచుకుని నిలబడ్డాడు.