అచ్చమ్మ పుల్ల ఐసు

అచ్చమ్మ ఒక్కగానొక్క కొడుకు నూకరాజు పంతొమ్మిది వందల అరవై నాలుగు మే నెలలో పోయాడు. ఆరేళ్ళు నిండలేదు. సాయంత్రం బండి మీది ఎర్ర ఐసు తిన్నాడు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. ఆస్పత్రికి చేర్చిన మర్నాడే కన్ను మూశాడు. "ఐసు చేసిన నీళ్ళు మంచివి కావమ్మా" అన్నాడు డాక్టరు.

మరుసటి ఎండాకాలం ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులుండే క్యాంప్ వన్‌లో వాళ్ళ సందులోకి మళ్ళీ ఐసుబండి గంట వినిపించింది. అచ్చమ్మ చీపురు పుచ్చుకుని ఎదురెళ్ళింది. బండి పక్క సందులోకి తిరిగింది. పిల్లలూ దాని వెనకాలే పరిగెత్తారు.

ఫ్యాక్టరీ బొగ్గుబట్టీ కోక్ ఓవెన్‌లో డ్యూటీ దిగి వచ్చిన పోలయ్య పెళ్ళాం పక్కన కూలబడ్డాడు. "ఎన్ని బళ్ళని తరుముతావే? ఎండకి పిల్లలు సల్లటిది అడగరేటి?"

ఆ మాట ఆమెను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఆమె తండ్రి రైల్వే క్యాంటీన్‌లో వంటవాడు. పళ్ళరసాన్ని ఉప్పు కలిపిన ఐసులో పెట్టి గడ్డకట్టించడం ఆయన దగ్గర చిన్నప్పుడే చూసింది.

పోలయ్య చేత రేకు గొట్టాలు చేయించింది. నీళ్ళు తెర్లకాచి చల్లార్చి, మామిడిపళ్ళ రసం, పంచదార కలిపి వాటిలో పోసింది. ఉడకబెట్టిన వెదురుపుల్లలు గుచ్చింది. బయటి ఐసునీళ్ళ చుక్క కూడా లోపలికి దిగకుండా మూతులకు గుడ్డ కట్టి, బకెట్లో ఐసుముక్కలూ కల్లుప్పూ వేసి, వాటి మధ్య నిలబెట్టింది. రెండు గంటలకు గట్టిపడ్డాయి.

ఎదురింటి చిన్నపిల్ల ఛాయ చెయ్యి చాపింది. వాళ్ళమ్మ వరలక్ష్మమ్మ పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"సొంత బిడ్డను దక్కించుకోలేని సెయ్యి అది. తినకు."

అచ్చమ్మ తలుపేసుకుంది. ఐసంతా కరిగి గచ్చు మీద పసుప్పచ్చగా పారింది. పోలయ్య వచ్చి తుడుస్తుంటే వద్దనలేదు, ఏడవనూ లేదు.

మర్నాడు పొద్దున్నే గిన్నె, రేకు గొట్టాలు, మామిడిపళ్ళు పట్టుకుని ఎదురింటి గుమ్మంలో నిలబడింది.

"ఒదినా, నీ పొయ్యి మీద నువ్వే నీళ్ళు కాసు. నువ్వే పిండు. నాను ముట్టను. ఎలాగో సెప్తాను, అంతే. పిల్లలు ఆ బండి కాడికి ఎల్లకుండా ఉంటే సాలు."

వరలక్ష్మమ్మ ఆమె చేతిలోని గిన్నె అందుకుంది. తర్వాత పొయ్యి ఊది, నీళ్ళు పెట్టింది. ఐసు తయారయ్యాక మొదటి పుల్ల తీసి అచ్చమ్మ చేతిలోనే పెట్టి, "నువ్వే ఇయ్యి దానికి" అంది. ఛాయ అందుకుని అక్కడే నిలబడి చీకడం మొదలెట్టింది.

నాలుగు వేసవులు ఇద్దరూ కలిసి చేశారు. పది పన్నెండు ఇళ్ళ పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. ఆ సందులో ఐసుబండి ఆగడం మానేసింది.

అరవై తొమ్మిదిలో పోలయ్యకు సెక్టర్ సెవెన్‌లో ఫ్యాక్టరీ క్వార్టరు వచ్చింది. సామాను కట్టిన రోజు అచ్చమ్మ రేకు గొట్టాలు తీసుకెళ్ళి వరలక్ష్మమ్మకిచ్చింది.

వరలక్ష్మమ్మ కళ్ళు వత్తుకుంది. "ఆ దినం నానన్న మాట..."

"నీళ్ళు బాగా మరగనీ ఒదినా," అంది అచ్చమ్మ. "తొందరపడి దింపీకు."