అక్కకి కనబడేంత వెలుతురు

కాయిల్ బాబాయ్ ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి రాగితీగ జారుతోంది. కుడిచెయ్యి ఆ తీగని ఫ్యాను మోటారు గాడిలోకి దించి, చుట్టు తిప్పి, అవతలి గాడిలోంచి పైకి తీస్తోంది. కాలిన మోటార్లకి ఇలా తీగ చుట్టే పని వల్లే వీధికంతా కాయిల్ బాబాయ్ అయ్యాడు. ఈ పనికి కళ్ళతో అంత అవసరం లేదు. వేళ్ళకి తీగ బిగువు తెలియాలి, మనసులో చుట్ల లెక్క నడవాలి. ఇవాళ వేళ్ళు బాగానే ఉన్నాయి, లెక్కే చెడుతోంది. అప్పటికే ఓసారి మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తప్పాడు. తీగ ఉండని బల్లమీద పెట్టి, నుదుటికి కట్టుకున్న దీపం ఆర్పేశాడు.

పొద్దున కొట్టుకి బయల్దేరుతుంటే భార్య గుమ్మం దగ్గర ఆపింది.

"వదిన వెళ్ళిపోతారటండీ. పక్క ఊళ్ళో బట్టల కంపెనీలో కుట్టుపనికి ఒప్పుకున్నారట. ఉండటానికి గది వాళ్ళే ఇస్తారట. అమ్మాయితో చెప్పారు, నాతో కాదు."

"ఎందుకు?"

"నన్నడిగితే? మీ అక్క. మీరే ఏదో అనుంటారు."

"నేనేమన్నాను?"

"అది తెలిస్తే నేనే సర్దిచెప్పేదాన్ని కదా."

ఆ మాట అప్పటి నుంచి బాబాయ్‌ని తొలుస్తూనే ఉంది. అక్క లేని ఇల్లు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అతనికి ఈ విద్య వచ్చిందే ఆమెని చూసి. కుట్టుమిషను బాబిన్‌కి అక్క దారం ఎక్కించేటప్పుడు పక్కన కూర్చుని చూసేవాడు. దారం వదులైతే కుట్టు ముడిపడుతుంది, మరీ బిగిస్తే తెగుతుంది. ఆ మధ్య బిగువు ఏదో ఆమె వేళ్ళకి తెలుసు. కాలిపోయిన మోటారుని తొలిసారి విప్పినప్పుడు, అందులో ఉన్నది కూడా పెద్ద బాబినే అనిపించింది బాబాయ్‌కి. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. కొన్ని మోటార్లు పాడుచేసి, తర్వాత బాగుచెయ్యడం నేర్చుకున్నాడు.

అక్కకి వినపడదు. నడివయసులో వచ్చిన జ్వరం తర్వాత ఒక చెవి, ఆ వెనకే రెండోది పనిచెయ్యడం మానేశాయి. చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చారు కానీ, అది పెట్టుకుంటే బుర్రలో గిన్నెలన్నీ ఒకేసారి కింద పడ్డట్టుంటుందని సొరుగులో పడేసింది. పెదవులు చూసి మాట పట్టుకోవడం తనంతట తనే నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, ఎదురింటి అరుగు మీద ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడితే, ఇక్కడ మిషను తొక్కుతూ ఆ కబుర్లు మరదలికి చెప్పేస్తుంది. ఆవిడ ముందు గుసగుసలాడటం కంటే మైకులో చెప్పుకోవడం నయమని వీధిలో వేళాకోళం. ఆ నేర్పు వల్ల ఒక చిక్కు వచ్చింది. ఆమెకి వినపడదన్న సంగతి ఇంట్లోవాళ్ళు మరిచిపోయారు.

ఇక బాబాయ్ దీపాల పిచ్చి సంగతి. ఊరి చివర బొగ్గు కాల్చి కరెంటు తయారుచేసే చోటు ఉంది. దాని పొగగొట్టాలు కొట్టు ముందు నిలబడితే కనిపిస్తాయి. గాలి ఇటు తిరిగిన రోజు బల్లమీద సన్నటి బూడిద పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి ఆ బూడిద తుడుస్తూనే ఉన్నాడు. ఒకరోజు గుడ్డ దులుపుతుంటే, తను బాగుచేసి పంపే మోటార్లన్నీ తిరిగేది ఈ బూడిద రాల్చే కరెంటుతోనే కదా అనిపించింది. అతను సభలకి వెళ్ళే మనిషి కాదు, ఎవరికీ చెప్పే మనిషీ కాదు. ఇంటికి వెళ్ళి హాల్లో ట్యూబులైట్లు రెండూ పీకేశాడు. తన కుర్చీ వెనక గోడకి చిన్న బల్బు ఒకటి పెట్టాడు. భోజనాల బల్లకి వంటింటి గుమ్మంలోంచి వచ్చే వెలుతురు చాలన్నాడు. మనిషి లేని గదిలో దీపం ఉండకూడదు. టీవీ మీద ఎర్రచుక్క కూడా వెలగకూడదు.

"నాన్నా, మనింటికి దొంగ వస్తే వాడి టార్చి వాడే తెచ్చుకోవాలి," అంది కాలేజీలో చదివే కూతురు.

"తెచ్చుకోనీ. పోయేటప్పుడు ఆర్పేసి పొమ్మను."

మొదట సణిగిన భార్య కూడా తర్వాత నీళ్ళ మోటారు దగ్గర కాపలా కాయడం మొదలుపెట్టింది. కూతురైతే తన స్నేహితురాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అక్కడా స్విచ్చులు నొక్కి వచ్చేది. ఇంట్లో మీటరు నెమ్మదించింది. బాబాయ్ దాని ముందు నిలబడి, బాగుచేసిన ఫ్యాను తిరుగుతుంటే చూసినంత తృప్తిగా చూసేవాడు.

ఆ తృప్తిలో ఉండగానే అక్క తీరు మారింది. పొద్దు కుంకకముందే తినేసి గదిలోకి వెళ్ళిపోతోంది. అందరూ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు పిలిస్తే వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, అందరూ నవ్వితే నవ్వుతుంది, లేచి వెళ్ళిపోతుంది. ఏమడిగినా ఒకటే జవాబు, "సరేలే."

బాబాయ్‌కి ఒక సంఘటన గుర్తుంది. ఆమధ్య గది ఖాళీగా ఉందనుకుని అక్క గదిలో లైటు ఆర్పేశాడు. ఆమె మూలన కూర్చుని గుండీలు కుడుతోంది. "అయ్యో, చూసుకోలేదక్కా, సూది గుచ్చుకుందా?" అని నవ్వేసి, లైటు వేసి తన దారిన పోయాడు. అదే మనసులో పెట్టుకుందేమో. అక్క అంత చిన్నదానికి అలిగే మనిషి కాదు. కానీ మనుషులు దేనికి అలుగుతారో చెప్పలేం.

భార్య ఆ మాట చెప్పిన రోజు సాయంత్రం ఇంటికి రాగానే, హాల్లో తన కుర్చీలో కూర్చుని, కూతురితో ఆమెని పిలిపించాడు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అక్కా, నామీద కోపమా?"

"సరేలే."

"వెళ్ళాలనే అనుకుంటున్నావా?"

"సరేలేరా. పని ఉంది నాకు," అని లేచింది.

బాబాయ్ వంటింట్లోకి వెళ్ళాడు. "మొహం మీదే కొట్టినట్టు సరేలే అంది," అన్నాడు భార్యతో.

"నాతోనూ అంతే. నిన్న దుప్పట్లు ఏ రంగువి తెమ్మంటారు అని అడిగితే సరేలే అన్నారు. అదేం రంగో నాకర్థం కాలేదు."

మర్నాడు మధ్యాహ్నం పిండిమిల్లు ఆవిడ వచ్చింది. ఆవిడ మోటారు కాలి వారమైంది. మిల్లు ఆగింది కాబట్టి రోజూ వచ్చి కొట్టు ముందు నిలబడుతోంది. బాబాయ్ అప్పుడే తీగ కొసలకి టంకం పెడుతున్నాడు. నుదుటి దీపం వెలుగుతోంది. తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"అమ్మా, ఇది బతకదు. తీసుకెళ్ళి పాత సామానోడికి తూకానికి వేసెయ్యండి."

ఆవిడ కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ముందా నెత్తిమీద దీపం ఆర్పు నాయనా. నిజంగా అంటున్నావో నవ్వుతూ అంటున్నావో తెలియడం లేదు. నీ మొహమే కనపడటం లేదు నాకు."

"నవ్వుతూనే అంటున్నానమ్మా. సాయంత్రానికి ఇచ్చేస్తాను."

"అదేదో మొహం చూపించి చెప్పొచ్చుగా. గుండె ఆగినంత పనైంది."

ఆవిడ వెళ్ళిపోయింది. బాబాయ్ నుదుటి దీపం తీసి చేత్తో పట్టుకుని చూశాడు. హాల్లో బల్బు తన వీపు వెనక ఉంటుంది. వంటింటి వెలుతురు, బల్ల దగ్గర కూర్చున్న భార్య వీపు మీద పడుతుంది. ఇంట్లో ఉన్న రెండు దీపాలూ వీపుల మీదే పడుతున్నాయి. అక్కకి ఎదురుగా మిగిలేవి నల్లటి బొమ్మలు.

ఆ రోజు మిల్లు మోటారు చెప్పిన వేళకే ఇచ్చేశాడు. కానీ ఇంటికి నడిచి వెళ్ళలేదు, దాదాపు పరిగెత్తాడు. అక్క గదిలోనే ఉంది. బాబాయ్ భోజనాల బల్ల దగ్గర అక్క కూర్చునే చోట కూర్చుని, భార్యనీ కూతురినీ వాళ్ళ వాళ్ళ చోట్లలో కూర్చోమన్నాడు.

"ఇప్పుడు మాట్లాడండి. గొంతు లేకుండా. పెదవులు మాత్రం కదపండి."

"అమ్మా, నాన్నకి తీగ చుట్టీ చుట్టీ బుర్ర తిరిగింది."

"గొంతు లేకుండా అన్నాను."

ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. అతనికి రెండు తలకాయలు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియక అతనూ నవ్వాడు. నవ్వి, ఆ నవ్వు తనకి తెలిసినదే అని గుర్తుపట్టాడు. అక్క ఇన్నాళ్ళూ నవ్వుతున్నది అదే నవ్వు.

లేచి టార్చి తెచ్చి కూతురి మొహం మీద వేశాడు. "ఇప్పుడు చెప్పు."

కూతురు పెదవులు కదిపింది. అతనికి ఆ విద్య రాదు, అయినా ఒక్క మాట తెలిసింది.

"పిచ్చి అంటున్నావు కదూ?"

"కనిపెట్టేశావే," అంది కూతురు. అంటూనే ఆమె మొహం మారింది. అత్త గది తలుపు వైపు చూసింది. "నాన్నా, అత్తకి ఇన్నాళ్ళూ..."

భార్య చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నోటితో ఒక్క మాట చెప్పి ఉంటే ఏంపోయింది ఆవిడకి?"

బాబాయ్ టార్చి ఆర్పి బల్లమీద పెట్టాడు. తప్పు తనదే, కానీ అది ఎక్కడుందో తెలిసింది. ఎక్కడుందో తెలిసిన తప్పుని బాగుచెయ్యొచ్చు. ట్యూబులైట్లు తిరిగి బిగిస్తే అరగంటలో పనైపోతుంది. అలా చెయ్యాలనిపించలేదు. ఇంటినిండా వెలుతురు పొయ్యక్కర్లేదు, పెదవుల మీద పడితే చాలు. ఆ కాస్త వెలుతురు ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని.

కొట్టు మూలన మోటారు మాడిపోయిన టేబుల్ ఫ్యాను ఉంది. దాని మెడ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. రెక్కలు పీకేసి, ఆ చోట స్టీలు కంచం బిగించాడు. కంచం లోపల మెరుపు లేని తెల్లరంగు వేశాడు, అంచు చుట్టూ చిన్న ఎల్‌ఈడీ పట్టీ అతికించాడు. కొట్టుకి సెలవు రోజున, అక్క కుట్టిన బట్టలు ఇవ్వడానికి బయటికి వెళ్ళగానే, తల్లీకూతుళ్ళు కిటికీలు మూసి తెరలు వేశారు.

"మిట్టమధ్యాహ్నం చీకటి చేసుకునే ఇల్లు మనదొక్కటేనేమో," అంది భార్య.

ముందు దీపాన్ని బల్ల మధ్యలో పెట్టాడు. కింద నుంచి వెలుగు పడి అందరూ దయ్యాల్లా కనిపించారు. "నాన్నా, నువ్విలా మాట్లాడితే అత్త ఇవాళే వెళ్ళిపోతుంది," అంది కూతురు. పైన కప్పుకి వేలాడదీశాడు. ముక్కు నీడ సరిగ్గా పెదవుల మీద పడింది. చివరికి అక్క కుర్చీ వెనక గోడకి, ఆమె తలకి కాస్త ఎత్తులో మెడ బిగించి, కంచాన్ని అందరి వైపూ తిప్పాడు. పట్టీ వెలుగు నేరుగా కళ్ళలో పడకుండా అంచుని లోపలికి వంచాడు. వెలుగు తెల్ల కంచం మీద పడి, అక్కణ్ణించి మెత్తగా మొహాల మీదికి వస్తోంది. బొట్టూ పెదవీ పన్నూ అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. తన కుర్చీని ఇటు తిప్పి, దాని వెనక బల్బు పీకేశాడు. కరెంటు కొలిచే చేతిమీటరు తగిలించి చూశాడు. ఆ బల్బు తిన్న దాంట్లో సగం కూడా ఇది తినడం లేదు.

"ఆ కుర్చీ కదపమని ఎన్నిసార్లు పోరాను," అంది భార్య.

"నువ్వు ఊడవడానికి కదపమన్నావు."

పొద్దు వాలాక అక్క గది దగ్గరికి వెళ్ళాడు. కిటికీలో ఇంకా మిగిలిన వెలుతురుకి ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, ఒకసారి హాల్లోకి రా."

"నేను తినేశానురా."

"తినడానికి కాదు. ఒక వస్తువు చేశాను. పనికొస్తుందో లేదో నువ్వే చెప్పాలి."

పనికి సంబంధించిన మాట కాబట్టి వెంటనే లేచింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. దీపం వెలిగింది. ఎదురుగా ఉన్న మూడు మొహాలనీ ఆమె ఒకదాని తర్వాత ఒకటి చూసింది. కుట్టు సరిగ్గా పడిందో లేదో అని బట్ట తిరగేసి చూసినట్టు చూసింది.

బాబాయ్ నిదానంగా అన్నాడు, "ఆ రోజు నీ గదిలో లైటార్పింది చూసుకోక. అప్పుడే చెప్పాను. చీకట్లో చెప్పాను."

"ఏదో అన్నావని తెలుసు. నీ భుజాలు ఊగడం కనపడింది. నన్నేదో అని నవ్వుకుంటూ పోయావనుకున్నా."

"అడగొచ్చు కదా వదినా," అంది భార్య.

"ఏమని అడగను అమ్మాయ్? చేసేది మంచి పని. పొగ తగ్గాలని ఇంటిల్లిపాదీ చీకట్లో కూర్చుంటే, నాకోసం దీపాలు వెయ్యండి అననా? అక్కడ కంపెనీలో పగటిలా వెలుగుంటుందట. నలుగురి మాటా తెలుస్తుంది కదా అని ఒప్పుకున్నా."

"మరి ఇప్పుడు?" బాబాయ్ గొంతు బొంగురుపోయింది. అది ఆమెకి తెలియదు, పెదవి వణకడం మాత్రం కనిపించింది.

ఆమె ముందుకి వంగింది. "నీ మీసం కత్తిరించరా. పై పెదవి సగం దానికిందే ఉంది. సగం మాట మింగేస్తోంది."

కూతురు పకపకా నవ్వింది. ఈసారి అక్క అందరికంటే ముందు నవ్వింది.

"కత్తిరిస్తాలే. కంపెనీ సంగతి చెప్పు."

"అమ్మడూ, నువ్వు వాళ్ళకి ఫోన్ చేసి మా అత్త రాదని చెప్పు. ఫోన్లో పెదవులుండవు కదా నాకు."

అక్క లేచి కంచాన్ని తన చేత్తో కొద్దిగా కిందికి వంచింది, మళ్ళీ కూర్చుని చూసింది, ఇంకొంచెం వంచి, "ఇక్కడ బిగించు," అంది. బాబాయ్ స్పానరు తీసుకుని, ఆమె చూపించిన చోటే మెడ నట్టు బిగించాడు. వేలాడుతున్న వైరుని గోడకి కొట్టి, కొసనున్న స్విచ్చుని ఆమె చేతికి అందేలా కుర్చీ పక్కకి తెచ్చి, ఆమె చేతిలో పెట్టాడు.