ఉబ్బసం లేని ఊరు

కోరుట్లలో బీడీలు చుట్టే వాడకట్టులో సత్యవ్వ నోటికి జడవని మనిషి లేడు. బీడీలు చుట్టించే టేకేదారు ఓసారి పుచ్చిన తునికాకు అంటగడితే, ఆ మూటను తీసుకెళ్లి అతని బల్ల మీదే కుమ్మరించి, "నీ పెండ్లాన్ని చుట్టమను గీ ఆకుతోని" అని చెప్పి వచ్చింది. కోపం ముక్కు మీద ఉంటుందంటారు కదా, సత్యవ్వకు ముక్కు దాకా ఆగదు, నాలుక మీదే కూర్చుంటుంది. అలాంటి ఆవిడ చేతనే "నాకు ఏ రోగం లేదు" అని చెప్పించి, రాసుకుని, దాన్ని పరిశోధన అన్నారు. చదువుకున్నవాళ్లు తలుచుకుంటే ఏమైనా చేయగలరు.

సత్యవ్వ పుట్టింది కొడిమ్యాలలో. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం పావడా కట్టే వయసులోనే వచ్చింది. పెళ్లయి కోరుట్లకు వచ్చినా ఒళ్లో చాట మారలేదు. భర్త సారయ్య పోయాక ఆ చాటే ఇల్లు నడిపింది. కూతురు లతను బుగ్గారం ఇచ్చింది. అల్లుడు గంగాప్రసాద్ మస్కట్‌లో కట్టడం పనిలో ఉన్నాడు. అతను విమానమెక్కిన నెలకే లత పిల్లదాన్ని చంకనేసుకుని తల్లి దగ్గరికి వచ్చేసి, తల్లి పక్కనే తన చాట వేసుకుంది.

బీడీల ఇంట్లో ఫ్యాను తిరగదు. తిరిగితే తంబాకు లేచిపోతుంది, ఆకు ఎండిపోతుంది. కిటికీ కూడా మూసే ఉంటుంది. ఆ గదిలోనే వండటం, తినడం, పడుకోవడం. ఆ ధూళి ఊరికే పోతుందా? సత్యవ్వకు నలభై దాటాక దమ్ము మొదలైంది. పాపిష్టి రోగం, లతకు పాతికేళ్లకే పట్టుకుంది. మబ్బు పట్టినా, పొయ్యి రాజేసినా, గట్టిగా నవ్వినా ఆ పిల్లకు ఊపిరి అందదు. ఛాతీలోంచి కీచుకీచుమని చప్పుడు. తల్లి వీపు రాస్తూ ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటుంది. తిట్టకపోతే ఏడుపు వస్తుందని ఆమె భయం.

ఒక్క ఆసరా ఉండేది. బీడీ కార్మికుల దవాఖానాకు గురువారం గురువారం దమ్ము డాక్టరు వచ్చేవాడు. ఆయన వెంట ఒక మిషను వచ్చింది. మూతికి బుర్ర లాంటిది పెట్టి మందు పొగ పట్టిస్తే లత ముఖంలోకి మళ్లీ రంగు వచ్చేది. డాక్టరు వెళ్లిపోయినా మిషను మాత్రం దవాఖానాలోనే ఉండేది. ఏ రోజు పోయినా కాంపౌండరు పోచయ్య పెట్టేవాడు. వాడకట్టులో సగం మంది ఆడవాళ్లు ఆ పొగ మిషను పుణ్యాన బతుకుతున్నవాళ్లే.

ఆ ఏడు శ్రావణ మాసంలో పరిశోధన వాళ్లు దిగారు. తెలంగాణ కోసం ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉన్న రోజులవి. ఇంటింటికీ ఒక పిల్ల వచ్చి ప్రశ్నలు అడుగుతుందనీ, దానివల్ల బీడీ కార్మికులకు మేలు జరుగుతుందనీ మైకులో చెప్పారు. సత్యవ్వ ఇంటికి వచ్చిన పిల్ల పేరు జేబా. సిరిసిల్ల పిల్ల, డిగ్రీ చదువుతోంది. రంజాన్ కూడా అప్పుడే వచ్చింది. పాపం, రోజా ఉందేమో, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వెనకాల టోపీ పెట్టుకున్న సూపర్‌వైజరు ఒకడు గడపకు ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఉబ్బసం ఉందా?" అని చదివింది జేబా.

సత్యవ్వకు ఆ మాట ఎక్కడ తెలుసు? పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఆమె చెవిన పడింది ఉపాసమే. శ్రావణ మాసం కదా, అడిగిందనుకుంది.

"ఇయ్యాల లేదు బిడ్డా, పొద్దుగాల్నే తిన్న. సోమారమైతే ఉంటా. నువ్వు ఉన్నట్టున్నవు గదా, మొఖమంత పీక్కపోయింది. నీడకు కూసో."

జేబా కలం ఆగింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల మళ్లీ కాగితంలోకి చూసి, అక్షరం పొల్లుపోకుండా అదే మాట చదివింది. "అమ్మా, ఉబ్బసం ఉందా?"

"లేదంటే ఇనవడ్తలేదా? లేదు!"

లేదు అని రాసుకుంది. తర్వాతి ప్రశ్న ఇంకా బాగుంది. "శ్వాస తీసుకునేటప్పుడు ఈల వస్తుందా?"

లత కిసుక్కున నవ్వింది. సత్యవ్వకు చిర్రెత్తింది. "ఛీ, ఏం మాటలే అవి! సంసారపు ఆడోళ్లం, ఈలలేస్తమా? గసొంటియి పోరగాండ్లను అడుగు పో."

అదీ లేదు అని రాసుకుంది. ఊది చూసే పరీక్ష ఒకటి ఉందిగానీ, అది "ఉంది" అన్నవాళ్లకేనట. కాబట్టి సత్యవ్వ ఊదలేదు, లత ఊదలేదు, వాడకట్టులో దాదాపు ఎవరూ ఊదలేదు. వెళ్తూ వెళ్తూ జేబా గుమ్మంలో ఆగి ఏదో చెప్పబోయింది. సూపర్‌వైజరు పిలవడంతో వెళ్లిపోయింది.

ఆ తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూశారు. సత్యవ్వ చాట తీసుకెళ్లి దీక్షా శిబిరంలోనే కూర్చుని బీడీలు చుట్టింది. మైకు దొరికితే వదిలేది కాదు. గురువారం డాక్టరు రావడం లేదంటే, సమ్మె కదా, బస్సుల్లేవు కదా అనుకున్నారంతా. మన సమ్మె, మనమే ఓర్చుకోవాలని సత్యవ్వే నలుగురికీ సర్దిచెప్పింది.

ఒక మధ్యాహ్నం లతకు దమ్ము లేచింది. మామూలుగా లేచినట్టు కాదు. మెడ నరాలు ఉబ్బిపోయాయి, పెదాలు నీలమయ్యాయి, మాట పడిపోయింది. పొరుగింటి బాలమ్మ పిల్లదాన్ని అందుకుంది. సత్యవ్వ కూతుర్ని ఆటోలో వేసుకుని బీడీల దవాఖానాకు ఉరికింది.

"పోచయ్యా, మిషను పెట్టు, తొందరగ!"

పోచయ్య చేతులు నలుపుకున్నాడు. "మిషను లేదక్కా. తీస్కపోయిండ్రు."

"ఎవరు తీస్కపోయిండ్రు? ఎందుకు?"

"పరిశోధనల తేలిందట. గీడ గా రోగమే లేదట. డాక్టరును, మిషనును అవసరమున్న తానికి మార్చిండ్రు. సమ్మెతోని కాదక్కా, డాక్టరు ఇగ రాడు."

సత్యవ్వకు ఒక్క ముక్కా ఎక్కలేదు. ఎక్కించుకునే తీరికా లేదు. ఆటోను జగిత్యాలకు తిప్పించింది. దారిలో రాస్తారోకో. ఆటో లోపల లత ముఖం చూడగానే, రోడ్డుకు అడ్డంగా కూర్చున్న పిల్లలు లేచి రాళ్లు తొలగించి, ఇద్దరు బండ్ల మీద ముందు పోతూ దారి చేశారు. సత్యవ్వ ఆ దారి పొడవునా కూతురి వీపు రాస్తూనే ఉంది. ఆ రోజు మాత్రం ఎవరినీ తిట్టలేదు.

జగిత్యాల దవాఖానాలో లత బతికింది. గీత దాటబోయి వెనక్కి వచ్చిందని అక్కడి డాక్టరమ్మే అంది. చిట్టీ రాస్తూ, "కూతురికి ఉబ్బసం బాగా ముదిరిందమ్మా, ఇంత దూరం రావడం ప్రమాదం, దగ్గర్లో మిషను ఉండాలి" అంది.

సత్యవ్వ తల ఎత్తింది. "ఏం ముదిరింది?"

"ఉబ్బసం. అదే, మీరు దమ్ము అంటారు కదా."

సత్యవ్వకు శ్రావణ మాసం, ఎండిన పెదాల పిల్ల, "ఇయ్యాల లేదు బిడ్డా" అన్న తన మాట, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. అరికాలి మంట నెత్తికెక్కింది. తనను తాను తిట్టుకుంది, కానీ ఎంతసేపని తిట్టుకుంటుంది? అర్థం కాని మాట అడిగి, అర్థం కాని జవాబు రాసుకుని, దాన్ని పట్టుకుని కూతురి మూతి మీద నుంచి మిషను లాక్కుపోయినవాళ్లను ఏమనాలి?

వాడకట్టుకు వచ్చి, ఆ పిల్లకు ఏం జవాబిచ్చారని ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఇంద్రమ్మ శనివారం ఉంటానందట. బాలమ్మ ఒక్కపొద్దు మాత్రమే ఉంటానందట. నిలబడి పది అడుగులు వేయలేని రాజలక్ష్మి అయితే, "నాకు షుగరు, డాక్టరు వద్దన్నడు, అస్సలుకే ఉండ" అని గట్టిగా చెప్పి పంపిందట. నవ్వొస్తోందా? సత్యవ్వకు రాలేదు. ఆ సాయంత్రం ఆమె ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

సమ్మె ముగిశాక జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. పరిశోధన ఫలితాలు ప్రజలకు చెప్పే సభట. ఫొటోల్లో జనం కనబడాలి కాబట్టి బీడీ ఆడవాళ్లను వ్యాన్లలో తోలుకుపోయారు. సత్యవ్వ లతను వెంటబెట్టుకుని వెళ్లి, అందరికంటే ముందు వరసలో కూర్చుంది. వేదిక మీద పరిశోధన నడిపిన పెద్ద డాక్టరు తెర మీద గీతలు చూపిస్తూ మాట్లాడాడు. మెత్తని మనిషి, మంచి మాట తీరు. ఆ మెత్తదనం చూస్తేనే సత్యవ్వకు ఇంకా ఒళ్లు మండింది.

"దేశంలో ఇతర ప్రాంతాల బీడీ కార్మికులతో పోలిస్తే ఇక్కడ ఉబ్బసం దాదాపు లేదనే చెప్పాలి. ఇది చాలా సంతోషించదగ్గ విషయం" అన్నాడాయన. ముందు వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

సత్యవ్వ కూర్చున్న చోటు నుంచే అరిచింది. "సారూ! ఉబ్బసమంటే ఏందో మాకు ఎరికనా? మేం ఉపాసం అనుకున్నం!"

హాల్లో నవ్వులు. పెద్ద డాక్టరుకు అర్థం కాలేదు. సత్యవ్వ అటు వదిలేసి, పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డ జేబా వైపు తిరిగింది.

"ఏమే బిడ్డా, మీ ఇంట్ల దీన్ని ఏమంటరు?"

జేబా గోడ దగ్గర నుంచే చెప్పింది. "దమ్మే అంటం పెద్దమ్మా. మా అబ్బా గులాం మొహియుద్దీన్ సిరిసిల్లల బట్ట నేసే సాంచెల మీద పనిచేసి, దమ్ముతోనే పోయిండు."

"అబ్బను తీస్కపోయిన రోగం పేరు నీకు ఎరికేనాయె! మరి మమ్ముల గట్ల అడగనీకి నోరెందుకు రాలే?"

"ఒక్క మాట మార్చొద్దన్నరు. మారిస్తే రాసినయన్ని పారేస్తమన్నరు. నేను రెండు సార్లు చెప్పిన పెద్దమ్మా, ఇనలే." ఆ పిల్ల ఓణీ మూతికి అడ్డం పెట్టుకుంది.

సత్యవ్వ కోపం ఆ పిల్ల మీద నిలవలేదు, తిరిగి వేదిక మీదికే మళ్లింది.

"అది పద్ధతమ్మా" అన్నాడు పెద్ద డాక్టరు. "అందరినీ ఒకే మాటతో అడిగితేనే ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చగలం."

"గా ఒక్క మాట మాదెందుకు గాలే సారూ? రోగం మాది, పాణం మాది, మాట మాత్రం మీదా? నా బిడ్డ ఆటోల నీలమైపోతుంటే నీ పద్ధతి యాడున్నది? మా మిషను మాకియ్యి!"

వెనక నుంచి ఇంద్రమ్మ అందుకుంది. బాలమ్మ లేచింది. ఆడవాళ్లంతా ఒక్కసారి మొదలుపెట్టారు. మాటలెన్నో దగ్గులన్ని. పక్కనున్న అధికారి పెద్ద డాక్టరు చేతిలోంచి మైకు లాక్కున్నాడు. బయటి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, పొద్దున్నుంచీ గడియారం చూసుకుంటున్నాడు.

"ఏంటమ్మా ఈ గోల? గుంపులో కూర్చుని అరవడం ఎవరైనా చేస్తారు. దమ్మున్నవాళ్లు లేచి నిలబడండి, చూద్దాం!"



సత్యవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ఆమె భుజం పట్టుకుని లత లేచింది. రాజలక్ష్మి ముందు కుర్చీ వీపు పట్టుకుని, రెండు సార్లు ఆగి ఊపిరి తీసుకుని లేచింది. ఇంద్రమ్మ, బాలమ్మ, బుగ్గారం నుంచి వచ్చినవాళ్లు, వరస వెనక వరస లేచింది. ముసలివాళ్లను పడుచువాళ్లు లేపారు, పడుచువాళ్లలోనూ కొందరు గుండె మీద చేయి వేసుకునే లేచారు. ఎవరూ అరవడం లేదు ఇప్పుడు. హాలంతా కీచుకీచుమని ఊపిరి చప్పుడు.

అధికారి బిత్తరపోయాడు. "ఏంటిది? అందరూ లేస్తారేంటి? కూర్చోండి, కూర్చోండి!"

"దమ్మున్నోళ్లను లెవ్వమంటివి గదా సారూ, లేసినం" అంది సత్యవ్వ, ఆయాసం ఆపుకుంటూ. "మీరు ఇన్ని దినాలకు మొట్టమొదటి పాలి మా మాటల అడిగిండ్రు. బిడ్డా జేబా, ఏం చూస్తున్నవే? రాసుకో. మిషను కోరుట్లకు బండెక్కిందాక ఒక్కదీ కూసోదని గూడ రాసుకో."