కదమ్ బదల్

జర్మనీలో పాడర్‌బోర్న్ నుంచి బస్సులో అరగంట దూరమున్న ఒక చిన్న ఊరి బ్యాండుకు నేను శిక్షకుడిగా చేరింది రెండేళ్ల కిందట, ఫిబ్రవరిలో. అంతకుముందు నాది పోలీసు బ్యాండు. వరంగల్ వైపు ఒక బెటాలియన్‌లో సైడ్ డ్రమ్ము మోసే కానిస్టేబుల్‌గా మొదలై, రిజర్వ్ సబ్‌ఇన్‌స్పెక్టర్ ర్యాంకులో బ్యాండ్ మేజర్‌గా పింఛను తీసుకున్నాను. మా అమ్మాయి స్వప్న పాడర్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆమె దగ్గర ఉండటానికి వచ్చి, ఊరికే కూర్చోలేక ఈ పనిలో పడ్డాను. జీతం లేదు. అయినా దాన్ని నా సర్వీసులోనే లెక్కపెడతాను. ఎందుకంటే ఉద్యోగం మొత్తంలో నేను తలెత్తుకోలేకపోయిన రోజు అక్కడే వచ్చింది.

ఆ బ్యాండులో క్లారినెట్లు, సాక్సోఫోన్లు ఉండవు. డ్రమ్ములు, బ్యూగుళ్లు, తాళాలు, అంతే. వాయిస్తూ నడవాలి, నడుస్తూ వరసలు మార్చాలి, ఎన్ని మార్చినా గీత గీసినట్టు ఉండాలి. వేసవిలో పోటీలు పెడతారు. జడ్జీలు వాయిద్యానికి వేరుగా, నడకకు వేరుగా మార్కులు వేస్తారు. దళాలకు తరగతులు ఉంటాయి, మార్కులు తగ్గితే కింది తరగతికి దించేస్తారు. మా దళం పై తరగతిలోనే ఉంది కానీ, నేను చేరేనాటికి అంచున వేలాడుతోంది.

ముందు నడిచేది హైకె. అరవై దాటిన మనిషి, బేకరీలో పని. మన దగ్గర బ్యాండ్ మేజర్ చేసే పని అక్కడ ఆమెది. నిలువెత్తు పొన్నుకర్ర పట్టుకుని అందరికంటే ముందు నడుస్తూ, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో, ఎటు తిరగాలో ఆ కర్రతోనే చెబుతుంది. డ్రమ్ముల హోరులో గొంతు ఎవరికి వినపడుతుంది? ఆమె మోకాళ్లకు ఆపరేషన్ ఖాయమైంది కాబట్టి ఆ వేసవి పోటీ ఆమెకు ఆఖరిది. పై తరగతిలో ఉన్న దళాన్ని పై తరగతిలోనే అప్పజెప్పి కర్ర దించాలని ఆమె కోరిక. నేను చేరిన తొలి రోజే ఆ మాట చెప్పి, అంతకంటే నాకేమీ అక్కర్లేదు అంది.

నాకూ వాళ్లకూ మధ్య మాట మోసేవాడు ఇమ్రాన్. టోలీచౌకి కుర్రాడు, యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతూ ఆ దళంలో బ్యూగుల్ వాయించేవాడు. మనవాళ్లందరూ కలిసిన ఒక విందులో నా సంగతి విని వెంటపడ్డాడు. "సార్, మీ అసుంటోళ్లు మాకు కావాలె. మావోళ్ల కాళ్లు జూస్తే మీకు బీపీ లేస్తది" అన్నాడు. వెళ్లి చూశాను. నిజంగానే లేచింది.

జర్మన్ కమాండ్లు నా నోట పలకలేదు. మనం 'సావధాన్' అనేచోట వాళ్లు 'ష్టిల్‌గెష్టాండెన్' అంటారు. హైకె ఓపిగ్గా నేర్పబోయింది. నేను అనబోయాను. డ్రమ్ముల వరస నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు ఉక్రోషం వచ్చింది. ఇంత సర్వీసు చేసినవాణ్ణి, నన్ను చూసి నవ్వుతారా! తర్వాతి ప్రాక్టీసు నుంచి మన హిందీ కమాండ్లే మొదలుపెట్టాను. సావధాన్, విశ్రామ్, తేజ్ చల్, థమ్. మన దేశంలో ఏ రాష్ట్రం పోలీసులైనా వీటితోనే నడుస్తారు. వాళ్లు సరదాపడి ఇట్టే పట్టేశారు. మాంసం దుకాణం నడిపే పెద్ద డ్రమ్ము ఆయన, ఇంట్లో కుక్కను కూడా 'థమ్' అనే ఆపుతున్నానని చెప్పాడు. నేను పొంగిపోయాను.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది 'కదమ్ బదల్'. నడిచేవాళ్లకు కాలు తప్పితే, అంటే పెద్ద డ్రమ్ము మోతకు ఎడమ కాలు పడాల్సిందిపోయి కుడి కాలు పడుతుంటే, సరిచేసుకునే పద్ధతి అది. ముందరి కాలు మడమకు వెనకకాలి వేళ్లు తగిలించి, మళ్లీ ముందరి కాలే వేయాలి. సరిగ్గా చేస్తే చూసేవాడికి చిన్న తడబాటు కూడా కనపడదు. పాట మధ్యలో, చెప్పాపెట్టకుండా, మైదానం పక్క నుంచి డ్రమ్ములను మించే గొంతుతో అరిచేవాణ్ణి. దళం మొత్తం ఒకేసారి కాలు మార్చాలి. ఆలస్యమైనవాడు తర్వాతి ప్రాక్టీసుకు అందరికీ కేకు తేవాలి. నిద్రలో లేపి అరిచినా వీళ్ల కాళ్లు మారతాయని స్వప్న దగ్గర గొప్పలు పోయాను.

హైకె ఒకసారి ఇమ్రాన్ చేత అడిగించింది. దీనికి కర్రతో సైగ లేదు కదా, ముందున్న నాకు అవసరమైతే ఏం చేయాలి అని. పోటీ రోజు దాని అవసరమే రాదు, నువ్వు ముందు చూసుకో, వెనక సంగతి నేను చూసుకుంటాను అన్నాను. ఆమె తల ఊపింది. అప్పటికి అదొక భరోసా మాటగానే నాకు తోచింది.

పోటీ జులైలో, ఒక ఆదివారం, పక్క పట్టణం స్టేడియంలో. పొద్దున వాన పడి గడ్డి తడిగా ఉంది. శిక్షకులు తాడు అవతల నిలబడాలి. దళం మైదానంలోకి దిగాక బయటి నుంచి మాట గానీ సైగ గానీ రాకూడదు, వస్తే మార్కులు కోస్తారు. ఈ నిబంధన ఇమ్రాన్ నాకు ముందే చదివి వినిపించాడు. నేను నవ్వాను కూడా. ఒక బ్యాండుకు ఒకటే కమాండు, ఇది నేను జర్మనీ వచ్చి నేర్చుకోవాలా అన్నాను. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆ మాట అన్న నోరే ఆ పని చేసింది.

మొదటి సగం ఎంత బాగా నడిచారో! హైకె మోకాళ్ల నొప్పి ఆమె నడకలో ఎక్కడా కనపడలేదు. పక్క దళం శిక్షకుడు నా వైపు తిరిగి బొటనవేలు పైకెత్తాడు. తర్వాత నేను కూర్చిన ఘట్టం వచ్చింది. బ్యూగుళ్లు ఆగుతాయి, డ్రమ్ములు ఆగుతాయి, ఒక్క సైడ్ డ్రమ్ము అంచు మీద పుల్ల టక్ టక్ మంటుంటే దళం మొత్తం అడుగుల చప్పుడుతోనే నడుస్తుంది. సరిగ్గా అప్పుడు, చివరి వరసలో ఇమ్రాన్ బూటు తడి గడ్డి మీద జారింది. పడలేదు గానీ కాలు తప్పింది. అందరి ఎడమ కాలు లేస్తుంటే వాడి కుడి కాలు లేస్తోంది.

వేరే ఎవరైనా అయితే పళ్లు బిగించుకుని ఊరుకునేవాణ్ణేమో. వాడు మనోడు. మనోడు నలుగురిలో తప్పు పడుతున్నాడు. నాకు తెలిసే లోపలే గుండెల నిండా గాలి పీల్చి, పరేడ్ గ్రౌండు అవతలి గోడ దాకా వినపడే గొంతుతో అరిచాను.

"కదమ్... బదల్!"

దళం మొత్తం కాలు మార్చింది. ఎవరూ ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. నా సర్వీసులో అంత శుభ్రమైన కదమ్ బదల్ నేను చూడలేదు. తప్పులో ఉన్న ఇమ్రాన్ ఒప్పులోకి వచ్చాడు, ఒప్పులో ఉన్న మిగతా అందరూ తప్పులోకి పోయారు. పాపం వాణ్ణి ఒక్కణ్ణే అన్నానని వాళ్లకెలా తెలుస్తుంది? ఆ గొంతు వినపడితే కాలు మార్చాలని నేర్పిందే నేను. మళ్లీ పెద్ద డ్రమ్ము మోగింది, మోత మీద అందరి కుడి కాళ్లు పడ్డాయి. ముందు హైకె ఒక్కతే ఎడమ కాలు మీద, తల ఎత్తుకుని, ఏమీ తెలియనట్టు నడిచిపోతోంది. నిజంగానే ఆమెకు ఏమీ తెలియదు. అరుపు విని ఉంటుంది కానీ, ఆ కమాండు వెనకవాళ్లదే, నువ్వు ముందు చూసుకో అని చెప్పింది నేనే; వెనక్కి తిరిగి చూడటం ఆ పదవిలో కుదరదు.

తర్వాతది ఎదురు మార్చి. ముందున్న మనిషి వెనక్కి తిరిగి, వరసల మధ్య నుంచి నడుస్తూ దళాన్ని వచ్చిన దారినే తిప్పుతుంది. హైకె తిరిగింది. తనవాళ్ల కాళ్లన్నీ తనకు ఎదురుగా, తప్పు మోత మీద పడుతూ వస్తుండటం చూసింది. కర్ర కొద్దిగా లేచింది, ఏదో చెప్పబోతున్నట్టు. చెప్పడానికి సైగ లేదు. కర్ర మామూలు చోటికి దిగింది. రెండడుగులు వేసి తన కాలు తానే మార్చుకుంది, తన దళంతో పాటు తప్పులోకి. వెనక ఇమ్రాన్ కూడా చూసుకుని మార్చుకున్నాడు. అలా అందరూ కలిసి, చక్కగా, తప్పు కాలు మీద మైదానం దాటారు. తాడు పట్టుకుని నిలబడ్డాను కానీ, భూమి నోరు తెరిస్తే దిగిపోదామనిపించింది.

పైన కుర్చీల్లో కూర్చుని ఫోన్లో వీడియో తీస్తున్న స్వప్న దిగివచ్చింది. "బాపూ, అరిశింది నువ్వే కదా?" అంది. అవునన్నాను. ఆమె ఫోను బ్యాగులో పెట్టేసింది. బయటి కమాండుకు కోత, నడకకు కోత. సాయంత్రం ఫలితాల్లో మా దళాన్ని కింది తరగతికి దించారు. హైకె జడ్జీల దగ్గరికి వెళ్లి చేతులు కలిపి, కాగితం తీసుకుని వచ్చింది. ఒక్కరు కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. పెద్ద డ్రమ్ము ఆయన నాకు బీరు తెచ్చి ఇచ్చాడు. తిట్టినా బాగుండేది, ఆ గ్లాసు పట్టుకుని నిలబడటం నా వల్ల కాలేదు.

బస్సు దగ్గర ఇమ్రాన్ కలిశాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎందుకు సార్ అట్ల జేసిన్రు? నేను మార్చుకుంటుంటి కదా. మీరే నేర్పిన్రు గద. రెండు అడుగులల్ల సెట్ అయితుండె" అన్నాడు. నిజమే. అది వాడికి నేర్పిందీ నేనే. నేర్పినవాడికే నమ్మకం లేకపోయింది.

నెలాఖరుకు ఆ బ్యాండును నడిపే సంఘం సమావేశం పెట్టారు. కొత్త మేజర్‌ను ఎన్నుకోవాలి. దిగిపోయే మనిషి ఒక పేరు చెప్పడం అక్కడి ఆనవాయితీ. హైకె లేచి నా పేరు చెప్పింది. నేను వేళాకోళం అనుకున్నాను. కాదు. వీళ్లు ఇప్పటికే ఈయన గొంతు మీద నడుస్తున్నారు, స్టేడియంలో అది అందరం చూశాం, మరి కర్ర కూడా ఆయన దగ్గరే ఉండటం సబబు అని మామూలుగా, బ్రెడ్డు ధర చెప్పినంత మామూలుగా అంది. కొందరు చప్పట్లు కూడా కొట్టారు, మంచి మనసుతోనే. ఇమ్రాన్ తెలుగులో చెబుతుంటే నా చెవులు కాలిపోయాయి. పోలీసులో మెమోలు తీసుకున్నాను, ఎండలో నిలబడ్డాను, పై అధికారి చేత నానా మాటలు పడ్డాను. ఏదీ ఇంత కుంగదీయలేదు.

లేచి, ఆ అర్హత నాకు లేదు, శిక్షణ పని నుంచి కూడా తప్పుకుంటున్నాను, క్షమించండి అన్నాను. హైకె ఈసారి ఇమ్రాన్ కోసం ఆగలేదు. నాకు అర్థమయ్యేలా, నెమ్మదిగా, ఇంగ్లీషులో అడిగింది. మీ మాటలు మా అందరికీ నేర్పారు, హెర్ నర్సయ్యా. నాదంటూ ఒక్క మాట ఉండి ఉంటే, ఆ ఎదురు మార్చిలో నేనే అరిచి సరిచేసుకునేదాన్ని. కానీ మీ మాట నేను అరిస్తే వాళ్లు మీ కోసం చూస్తారు, నా కోసం కాదు. మా మాటల్లో మీరు ఏది నేర్చుకున్నారు?

గది అంతా నా వైపు చూసింది. ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు. హైకె కూర్చుంది. కర్ర ఆ తర్వాత పెద్ద డ్రమ్ము ఆయనకు వెళ్లింది. దళం ఇంకా కింది తరగతిలోనే నడుస్తోంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. ముందు నడిచే మనిషి నోట పలకని కమాండుతో ఆ మనిషి దళాన్ని తయారుచేయకూడదు. అలా చేస్తే అది శిక్షణ కాదు, దొంగతనంగా కమాండు లాక్కోవడం.